పన్నెండేళ్ళు నిండకుండా

మా తమ్ముడు జగన్నాధం ఊరికే రాడు. కిందటేడు వైశాఖంలో మామిడిపళ్ళ బుట్ట పట్టుకుని విజయనగరం నుంచి రాజాం వచ్చాడంటే ఏదో పని పెట్టుకునే వచ్చాడని, బుట్ట అందుకుంటూనే అనుకున్నాను. వాడు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాడు. ఊళ్ళో ఇళ్ళన్నీ వాడికి సర్వే నంబర్లలా కనిపిస్తాయి. వాణ్ణొక్కణ్ణే అనకూడదు. ఇరవై ఆరేళ్ళుగా బస్సు కండక్టరుగా చేస్తున్న నాకు మనుషులు టిక్కెట్టు తీసుకున్నవాళ్ళూ తియ్యనివాళ్ళూ అని రెండు రకాలుగానే కనిపిస్తారు.

వచ్చిన పని నాదే. బ్యాంకు అప్పు సంగతి వాడికి ఫోనులో చెప్పాను. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. తరవాత వచ్చే పెన్షను మందులకి సరిపోతుందేమో గాని అన్నానికి సరిపోదు. అందుకని మేడ మీద ఇంకో అంతస్తు వేసి అద్దెకిద్దామనుకున్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నా పెళ్ళి ఎప్పుడో అయింది, పోయింది, దాని గురించి ఈ కథలో ఏమీ లేదు. ఇల్లు మాత్రం కట్టాను. కింద నేనుంటాను. పైన తవిటమ్మా, దాని కూతురు అరుణశ్రీ ఉండేవారు.

బ్యాంకులో అప్పులు చూసే అబ్బాయి నా జీతం కాగితాలు తిరగేసి, "ఇది చాలదమ్మా, అద్దె కూడా లెక్కలోకి వస్తే మీరడిగినంతా ఇవ్వొచ్చు" అన్నాడు. మేడ మీదవాళ్ళతో అగ్రిమెంటు ఉందా అన్నాడు. లేదన్నాను. రసీదులు? లేవు. రిటర్నులో అద్దె చూపించారా? చూపించలేదు. "మరి వాళ్ళు అద్దెకే ఉంటున్నారని మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు, మామూలుగానే. ఆ మాటే జగన్నాధానికి చెప్పాను. వాడు కోసుకుంటున్న మామిడిపండు పక్కన పెట్టేశాడు.

"ఒక్క కాయితం కూడా నేదా?"

"నువ్వే కదరా వొద్దన్నావు. అద్దె లెక్కలోకొస్తే పన్ను పడతాదన్నావు. పైన మీటరు కూడా తవిటమ్మ పేరునే తియ్యమన్నావు."

"అప్పటి మాట అప్పుడన్నాను. ఆల్లు ఎప్పుడొచ్చినారు?"

"శ్రావణంలో. అరుణకి ఆరో ఏడు."

"ఇప్పుడా గుంటకి?"

"పద్దెనిమిది."

వాడు వేళ్ళు మడిచి లెక్క పెట్టాడు. "ఈ శ్రావణానికి పన్నెండేల్లు నిండతాయప్పా. నిండినాయంటే ఇల్లు ఆల్లదే. ఆధారు ఈ ఇంటి మీదే, మీటరు ఆల్ల పేరే. అద్దెకున్నారని నీకాడ రుజువేటున్నాది? మా వీధిలో ఒక కాంపౌండరు అలగే పోగొట్టుకున్నాడు. ఇప్పుడు తన ఇంటెదటే అద్దెకుంతన్నాడు."

ఈ పన్నెండేళ్ళ మాట మా వైపు ఇల్లున్న ప్రతివాళ్ళకీ తెలుసు. పదకొండో ఏడు దాటగానే అద్దెకున్నవాళ్ళని దింపేసి, నెలో రెణ్ణెల్లో తాళం వేసి ఉంచి, మళ్ళీ ఎవరికో ఇస్తారు. ఇది ఏ చట్టంలో ఉందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. టిక్కెట్టు మీద పావలా తేడా వస్తే ప్రయాణికుణ్ణి నిలదీసేదాన్ని, సొంత ఇంటి సంగతిలో తమ్ముడి మాట కళ్ళు మూసుకుని నమ్మేశాను.

"ఒక్క నెల్లాల్లు సాలు. తాళం నీ సేతికి రావాల, అంతే. శ్రావణంలో నాను అగ్రిమెంటు రాసిస్తాను, పదకొండు నెల్లకి. అప్పుడు నీ బేంకోల్లకీ కాయితం దొరుకుతాది. ఆషాఢంలో ఎవులూ ఇల్లు మారరు, కాబట్టి జ్యేష్ఠం ఎల్లకముందే దింపీయాల. బేగి సెప్పీ," అన్నాడు.

నాకు పిల్లల్లేరు. ఈ ఇల్లు ఎప్పటికైనా తన కొడుక్కే వస్తుందని వాడి లెక్క. అది తెలిసి కూడా ఆ రోజు వాడి మాట నా మంచికే అనిపించింది. వెళ్తూ వెళ్తూ సగం మామిడిపళ్ళు సంచీలో వేసుకుని పట్టుకెళ్ళాడు.

*

తవిటమ్మది సముద్రం ఒడ్డున భావనపాడు. భర్త లక్ష్ముడు గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాక, పిల్లని చంకనేసుకుని రాజాం మార్కెట్టులో ఎండుచేపల వ్యాపారానికి వచ్చింది. ఎండుచేపలంటే ఎవరూ ఇల్లివ్వలేదు. నా బస్సులోనే ఒకరోజు గంపలతో ఎక్కి, పక్కవాళ్ళు ముక్కులు మూసుకుంటే, "మీరు తిన్నపుడు కంపు కొట్టదేటి?" అని అందర్నీ కడిగేసింది. నాకు నచ్చింది. ఆ వారమే మేడ మీద పెట్టాను. ఒంటరి ఆడది, రాత్రి డ్యూటీ దిగి పదకొండింటికి ఇంటికొస్తుందని నాకూ ఒకప్పుడు ఎవరూ ఇల్లివ్వలేదు.

తరవాత అద్దెకున్నవాళ్ళూ ఇల్లుగలవాళ్ళూ అన్న తేడా ఎప్పుడు పోయిందో చెప్పలేను. నాకు మొదటి బస్సు డ్యూటీ పడితే తెల్లారగట్ల మూడున్నరకి తవిటమ్మే లేచి నీళ్ళు కాచేది. కూర ఎవరింట్లో బాగుంటే అన్నం అక్కడ తినేవాళ్ళం. అరుణశ్రీ చదువు నా ముందుగదిలో, పడక నా మంచం పక్కన. తల్లికి నేను అప్పని, అంటే అక్కని, దానికి పెద్దమ్మని. దాని సర్టిఫికెట్లు నా బీరువాలో, నా పట్టుచీరల కింద ఉండేవి. ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె నా ఫోనులో పడేది. పడిందా అని తవిటమ్మా అడిగేది కాదు, పడలేదని నేనూ అడిగేదాన్ని కాదు.

జగన్నాధం వచ్చి వెళ్ళిన సాయంత్రం మేడెక్కాను. మామూలుగానే ఎక్కాను, కాని కళ్ళు మామూలుగా లేవు. వంటింటి గట్టు మీద కొత్త నాపరాయి. ఎప్పుడు వేయించింది? నన్నడగలేదే? తలుపులకి తనే రంగు వేయించుకుంది. పెరట్లో కరివేపాకు చెట్టు తనే పాతింది. అన్నీ నేను చూస్తుండగా జరిగినవే, అయ్యో డబ్బు ఎందుకు పెట్టావని నేనే కోప్పడినవే. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. నా ఇంట్లో ఇంకొకరు పునాది వేస్తున్నట్టనిపించింది.

అరుణశ్రీ ఎంట్రన్సు రాసి ఉంది. ఎచ్చెర్ల కాలేజీలో సీటొస్తే హాస్టల్లో వేస్తావా అని తవిటమ్మని అడిగాను.

"హాస్టలెందుకప్పా? నీ బస్సుండగా, ఇల్లుండగా," అంది తవిటమ్మ.

నీ బస్సు అన్నది గాని, నీ ఇల్లు అనలేదు. ఆ రాత్రి ఆ ముక్క పట్టుకుని ఎంతసేపు దొర్లానో నాకే సిగ్గు.

*

చెప్పడానికి నెల పట్టింది. ఈలోగా జగన్నాధం రోజు మార్చి రోజు ఫోను. జ్యేష్ఠం ఇంకో పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం డ్యూటీ లేనప్పుడు మేడెక్కాను. తవిటమ్మ నీడలో చేట పెట్టుకుని ఎండు నెత్తళ్ళు ఏరుతోంది. సముద్రంలో వేట ఆపేసిన రోజులవి. పచ్చిచేప దొరక్క ఎండుచేపకి మంచి బేరం. నేనూ పక్కన కూర్చుని రెండు నెత్తళ్ళు ఏరాను.

"తవిటీ, స్లాబు లీకవుతన్నాది. బాగు సేయించాల. ఒక నెల్లాల్లు ఎక్కడైనా సర్దుకుంటారేటి?"

తవిటమ్మ తలెత్తలేదు. "వానే పడనేదు. లీకెక్కడ సూసినావప్పా?"

"కిందటి వానలప్పుడే సూసినాను."

ఇంకో గుప్పెడు తీసి చేటలో పోసుకుంది. ఇసుక వేరు, చేప వేరు చేస్తూనే, చాలా మామూలుగా అడిగింది. "పన్నెండేల్ల గురించేటి?"

అవునని ఉంటే అక్కడితో అయిపోయేది. తిట్టేదో, నవ్వేదో, నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చేదో. నాకు నోరు రాలేదు. పల్లెటూరి బస్సుల్లో ఇరవై ఆరేళ్ళు అరిచిన నోరది.

"ఛ, అదేటి మాట. నీకూ నాకూ మధ్యన అలాటి లెక్కలేటి? స్లాబు కోసరమే," అన్నాను.

"అయితే సరే. శ్రావణంలో వొచ్చీవచ్చా?"

"నువ్వు కాక ఇంకెవులొస్తారు?"

"సరేనప్పా," అని చేట దులిపింది.

ఆఖరి ఆదివారం సామాను ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు తిరిగింది. మార్కెట్టు వెనకాల రెండు గదులు దొరికాయని చెప్పింది. నెల్లాళ్ళకి సామానంతా ఎందుకు, బీరువా ఉంచెయ్యమన్నాను. వినలేదు. అరుణశ్రీ కిందికొచ్చి, "పెద్దమ్మా, నా సర్టిఫికెట్లు ఇయ్యి," అంది.

"నెల్లాల్లకేనే పాపా, ఉండనీ."

"కాలేజీలో అడుగుతారు గదా."

చీరల కింద నుంచి తీసి ఇచ్చాను. ఒకటొకటీ సరిచూసుకుని సంచిలో పెట్టుకుంది. పైకెళ్ళి చూస్తే ఇల్లంతా కడిగేసి ఉంది. గోడలకి ఒక్క మేకు కూడా మిగల్చలేదు. మేకులు పీకిన కన్నాల్లో సున్నం మెత్తి ఉంది. నెల్లాళ్ళకి వెళ్ళేవాళ్ళు మేకులు పీక్కుంటారా? ఆ ఆలోచన నాకు అప్పుడే వచ్చింది, కాని తవిటమ్మ తాళంచెవి చేతిలో పెడుతుంటే ఏమీ అడగలేకపోయాను.

"స్లాబు మీద మంచి మందు ఏయించు," అని మాత్రం చెప్పి ఆటో ఎక్కింది.

సాయంత్రం జగన్నాధం ఫోను చేశాడు. "తాళం నీ సేతిలో ఉన్నాదా?"

"ఉన్నాది."

"మరింక నిబ్బరంగా ఉండు," అన్నాడు.

*

ఆషాఢమంతా వాన పడింది. స్లాబు చుక్క కూడా కారలేదు.

ఒంటరితనం నాకు కొత్తేమీ కాదనుకునేదాన్ని. కొత్తే. తవిటమ్మ రాకముందు ఉన్నది వేరు. అప్పుడు ఇంట్లో మనుషులుంటారని తెలియదు కాబట్టి లోటు తెలియలేదు. ఇప్పుడు మెట్ల మీద చప్పుడు కాకపోతే మెలకువ వచ్చేస్తోంది. గ్లాసుడు బియ్యం కడిగితే రెండు పూటలకీ మిగిలిపోతోంది. మూడున్నరకి లేచి చన్నీళ్ళే పోసుకునేదాన్ని. నీళ్ళు కాచుకోవడం నాకు రాక కాదు, నా ఒక్కదానికోసం అంత పొద్దున్నే స్టవ్వు వెలిగించబుద్ధి కాలేదు.

డ్యూటీ లేని రోజున మేడెక్కి ఖాళీ గదుల్లో కూర్చునేదాన్ని. తాళం తియ్యడం, కాసేపు కూర్చోవడం, మళ్ళీ తాళం వెయ్యడం. ఎవరైనా చూస్తే పిచ్చనుకుంటారు. వాళ్ళు వెళ్ళింది ఎంతో దూరం కాదు, సైకిలు మీద పది నిమిషాలు. అయినా మార్కెట్టు రోడ్డు మీదుగా వెళ్ళడం మానేశాను. కూరలు పాలకొండలో డిపో దగ్గరే కొనుక్కొచ్చేదాన్ని. ఎదురుపడితే స్లాబు బాగయిందా అని అడుగుతుంది, నేను ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

నెల మధ్యలో జ్వరం తగిలింది. మూడు రోజులు మంచం దిగలేదు. మొదటి రోజు రాత్రి దాహమేసి "అరుణా" అని పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది. రెండో రోజు డిపో నుంచి ఫోనొచ్చింది. ఎలా ఉన్నావని కాదు, డ్యూటీకి ఎందుకు రాలేదని. మూడో రోజు జగన్నాధం చేశాడు. జ్వరమన్నాను. "మాత్రేసుకో అప్పా. బేంకు లాయరుకి కాయితాలు పంపినావా?" అన్నాడు. ఆ పూట గోడకి తిరిగి పడుకుని బాగా ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంట్లో మనిషి కోసం ఏడ్చాను.

*

జ్వరం తగ్గాక బ్యాంకు వాళ్ళ లాయరు దగ్గరికెళ్ళాను. అప్పు ఇచ్చే ముందు ఇంటి కాగితాలన్నీ ఆవిడ చూసి సరేననాలి. ఝాన్సీ అని, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒకే గదిలో ఈవిడ కోర్టు కాగితాలు చూస్తుంటే, భర్త పక్క బల్ల మీద పన్ను లెక్కలు చూస్తాడు. నా దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు అన్నీ తిరగేసి, "అంతా శుభ్రంగా ఉందమ్మా. పై పోర్షన్ అద్దెకుందని రాశారు, వాళ్ళతో ఇప్పుడైనా ఒక అగ్రిమెంటు రాయించుకోండి," అంది.

"ఖాళీ చేయించానమ్మా. పన్నెండేళ్ళు నిండిపోతాయని."

ఆ అమ్మాయి పెన్ను ఆపింది. "నిండితే ఏమవుతుంది?"

"ఇల్లు వాళ్ళదైపోతుంది కదా?"

"ఎవరు చెప్పారు?"

చెప్పాను. మీటరు సంగతీ, ఆధారు సంగతీ, రుజువు లేని సంగతీ అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"అద్దెకున్నవాళ్ళు ముప్పయ్యేళ్ళున్నా అద్దెకున్నవాళ్ళే అమ్మా. మీరు ఉండమంటే ఉన్నారు, మీకు అద్దె కడుతున్నారు. మీ ఒప్పుదలతో ఉన్నవాళ్ళకి ఆ పన్నెండేళ్ళ లెక్క అసలు మొదలే అవదు. అది ఎవరో మీ స్థలంలో జొరబడి, నాదేనని అందరి ముందూ చెప్పుకుంటూ కూర్చుంటే వచ్చే లెక్క. కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నా దాంతో ఇంటి మీద హక్కు రాదు. అద్దె ఎలా ఇచ్చేవారు?"

"ఫోనులో. నాలుగేళ్ళుగా."

"మరింకేం? ప్రతి నెలా బ్యాంకు లెక్కలో ఉంటుంది. అంతకన్నా రుజువేం కావాలి?"

పక్క బల్ల ఆయన నా జీతమెంతో, అద్దె ఎంతో అడిగి యంత్రం మీద టకటకా కొట్టాడు. "అద్దెలో ముప్పై శాతం మరమ్మతుల కింద చట్టమే వదిలేస్తుందండి. మిగిలింది జీతంతో కలిపినా ఈ ఏడు మీకు పన్ను పడదు. చూపించుకుంటే అప్పుకీ పనికొచ్చేది," అన్నాడు.

"నెల్లాళ్ళు ఖాళీ చేయిస్తే ఏమైనా మారిందామ్మా?" అని అడిగాను. ఏదో ఒకటి మారి ఉంటే బాగుండునని ఆశ.

"చట్టప్రకారం ఏమీ మారలేదు," అంది ఝాన్సీ.

బయటికొచ్చి బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. రెండు బస్సులు వదిలేశాను. తమ్ముడికి ఫోను చేసి లాయరు చెప్పింది చెప్తే, "లాయర్లు అలగే అంతారు. జాగర్త మంచిదే గదా," అన్నాడు. ఉన్న మేడే ఖాళీగా ఉంది, ఇంకో అంతస్తుకి అప్పు వద్దనుకున్నానని చెప్పి పెట్టేశాను. వాడి మీద కోపం రాలేదు. వాడు చెప్పింది ఖాళీ చేయించమని. స్లాబు కారుతోందని చెప్పమన్నది వాడు కాదు.

*

శ్రావణం వచ్చిన మొదటి శుక్రవారం పసుపు, కుంకం, రవికెల గుడ్డలు రెండు తీసుకుని వెళ్ళాను. మార్కెట్టు వెనక సందులో మేడ మీద రెండు గదులు. తవిటమ్మ నన్ను చూసి గబగబా చాప పరిచింది. నేను ఎప్పుడైనా దాని ఇంట్లో గుమ్మంలోనే కూలబడేదాన్ని. ఇప్పుడు చాప పరిస్తే చాప మీదే కూర్చున్నాను.

"సిక్కిపోయినావేటప్పా? వొంట్లో బాగోనేదా?"

"కసింత జరం తగిలినాది."

"నాకు కబురెట్టనేదేటి?" అంది. కళ్ళలో నిజంగానే కోపం కనిపించింది. తరవాత అడగనే అడిగింది. "లీకు బాగైనాదా?"

"బాగైనాది. శ్రావణం వొచ్చీసినాది గదా, ఇంక వొచ్చీండి. ఆటో నాను మాటాడతాను. అగ్రిమెంటులూ గిగ్రిమెంటులూ ఏటీ వొద్దు. అద్దె కూడా..."

"అద్దె సంగతి కాదప్పా." తవిటమ్మ లేచి గూట్లోంచి ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. స్టాంపు పేపరు మీద టైపు కొట్టిన అగ్రిమెంటు. పదకొండు నెలలు. కింద తవిటమ్మ సంతకం, కూతురు నేర్పిన అక్షరాలు. "ఇంటాయన ఇది రాసి ఇచ్చినాడు. పదకొండు నెల్లవగానే దిగీమంటే దిగీయాల. మల్లీ రాస్తే ఉండాల. నాకిదే బాగున్నాది."

"పరాయోల్ల ఇల్లు బాగున్నాదేటే?"

"ఎపుడు దిగాలో రాసున్నాది గదప్పా. నీ ఇంట్లో ఉన్నప్పుడు దిగాలని తెలీక, గట్టు మీద రాయి కూడా ఏయించీసినాను."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అరుణశ్రీ లోపలి గదిలో పుస్తకాలకి అట్టలేస్తోంది. ఎచ్చెర్లలోనే సీటొచ్చిందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆ రోడ్డు మీద కనిపిస్తేగా.

ఇంతలో మెట్లెక్కి ఇంటాయన వచ్చాడు, నీళ్ళ మోటారు సంగతి చెప్పడానికి. జోగయ్య అని, ధాన్యం వ్యాపారం చేసి మానేసిన మనిషి. నన్ను చూసి గుమ్మంలో ఆగాడు. "సుట్టాలేటే పాపా?" అని అరుణశ్రీని అడిగాడు.

"కాదండి. మా పాతింటి ఓనరుగారు," అంది అరుణశ్రీ.

అందులో అబద్ధమేమీ లేదు. పట్టుకున్న కాగితం మడిచి తవిటమ్మకి తిరిగిచ్చేశాను. జోగయ్య మాత్రం సొంత మనిషి దొరికినట్టు సంబరపడి కుర్చీ లాక్కున్నాడు.

"మంచికే కనపడినారండి. ఈల్లెదటే అడుగుతన్నాను, ఏటనుకోకండి. ఎలాటి మనుషులండీ?"

"మంచోల్లండి."

"మీకాడ ఎన్నాల్లున్నారేటి?"

"పదకొండేల్ల పదకొండు నెల్లు."

ఆయన పకపకా నవ్వాడు. "ఓర్నాయనో, లెక్క బాగా సూసుకున్నారే! పన్నెండు నిండకుండా దింపీసినారన్నమాట. మంచి పని సేసినారు. నానైతే అంతదాకా రానియ్యను, అందుకే పదకొండు నెల్లకి రాయించీసినాను."

ఇల్లున్నవాళ్ళు ఇల్లున్నవాళ్ళతో నవ్వే నవ్వది. నేనూ నవ్వి ఊరుకోవచ్చు. తవిటమ్మ నేలకేసి చూస్తోంది. అరుణశ్రీ అట్ట వెయ్యడం ఆపి నాకేసి చూస్తోంది.

"అవునండి, అందుకే దింపినాను," అన్నాను. "స్లాబు లీకని అబద్దం సెప్పి దింపినాను. ఆ పన్నెండేల్ల లెక్క ఉత్తిదండి. లాయరమ్మని అడిగినాను. అద్దెకున్నోల్లు ముప్పై ఏల్లున్నా అద్దెకున్నోల్లే, మన ఇల్లు ఎక్కడికీ పోదు. ఈల్లు ఎన్నాల్లుంటామంటే అన్నాల్లూ ఉండనియ్యండి. నాలాగ సెయ్యకండి."

జోగయ్య కుర్చీలోంచి లేచాడు. మోటారు పొద్దున్న ఆరింటికి వేస్తానని మాత్రం చెప్పి దిగిపోయాడు.

తవిటమ్మ కుర్చీ మళ్ళీ గోడకి జరిపింది. తరవాత అంది. "నాకు తెల్సప్పా. వానే నేదు, లీకేటి? నువ్వే సెప్తావని సూసినాను. సామాను ఎత్తినపుడు సెప్తావనుకున్నాను, తాళం ఇచ్చినపుడు సెప్తావనుకున్నాను. సెప్పుంటే, ఈ నెలా మా ఊర్లో ఉండి వొచ్చీదాన్ని."

"ఇప్పుడు సెప్పినాను గదే."

"ఇప్పుడు సెప్పినావు," అంది.

రమ్మని ఇంకోసారి అడగలేదు నేను. పసుపూ కుంకం ఇచ్చాను, కళ్ళకద్దుకుని తీసుకుంది. గ్లాసుతో టీ ఇచ్చింది, తాగాను. లేస్తుంటే, "ఉండప్పా, నానూ వొస్తాను," అని చెప్పులేసుకుంది. నాతో పాటు మెట్లు దిగి, సందు దాటి, మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. ఆటో ఆపి, మా వీధి పేరు చెప్పి, డబ్బులెంతో తనే బేరమాడింది. నేనెక్కాక జాగ్రత్త అంది. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళలో తవిటమ్మ నన్ను సాగనంపడం అదే మొదటిసారి.